దేవదానం అంకుల్ వదిలేసిన గిన్నె

ఒక పెద్దమనిషి ప్రాణం కాపాడబోయి ఆయన పరువు, పదవి, సంసారం అన్నిటినీ ఒకే ఆదివారం మధ్యాహ్నం మంటగలిపిన ఘనత నాది. కత్తి పట్టలేదు, కర్ర పట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. పక్కన కూర్చుని చెవిలో నాలుగు మాటలు గుసగుసగా చెప్పానంతే. ఆ నాలుగు మాటలు చెప్పేంత చదువు నాకు అప్పుడే కొత్తగా వచ్చింది. కొత్త చదువు కొత్త చెప్పుల్లాంటిది కదా, ఇంట్లో వదిలి వెళ్ళబుద్ధి కాదు. నేను దాన్ని వేసుకుని సరాసరి చర్చికి వెళ్ళాను.

అది రెండువేల ఏడు ప్రాంతం. గుంటూరులో బీఫార్మసీ ముగించి ఎఫ్-వన్ వీసా మీద న్యూజెర్సీలో ఎమ్మెస్ చేస్తున్నాను. ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో కాపురం. మా ప్రొఫెసర్ మొదటి క్లాసులోనే తేల్చి చెప్పాడు: ఈ దేశంలో డాక్టర్లు ఎక్కువగా రాసే మందులన్నీ మీకు కంఠతా రావాలి. పేరు ఏమిటి, దేనికి వాడతారు, ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుంది, దేనితో కలిస్తే గొడవ చేస్తుంది, అన్నీ చెప్పాలి. వారం వారం క్విజ్. నాకేమో అప్పటిదాకా మందులంటే బోర్డు మీద గీసిన షడ్భుజాలు. వాటిని మింగే మనుషులు ఉంటారన్న సంగతి చదువులో ఎక్కడా తగల్లేదు.

మొదట్లో ఆ పేర్లు చూసి ఏడుపొచ్చింది. తర్వాత ఒక రహస్యం దొరికింది. మందులకూ మనకున్నట్టే ఇంటిపేర్లుంటాయి, కాకపోతే అవి పేరు చివర వస్తాయి. చివర ‘ప్రిల్’ అని ఉంటే బీపీ మందుల వంశం. రక్తనాళాలను బిగించే పదార్థం తయారు కాకుండా అడ్డం పడతారు. మంచివాళ్ళే గానీ కొందరికి పొడిదగ్గు తెచ్చిపెడతారు. ‘లాల్’ అని ఉంటే పరుగెత్తే గుండెను కాస్త కూర్చోమని చెప్పే కుటుంబం. ‘స్టాటిన్’ వాళ్ళు లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తారు. ‘ప్రజోల్’ వాళ్ళు కడుపులో యాసిడ్ పంపుల్ని కట్టేస్తారు. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌కి మాత్రం నాకు తెలిసి అక్కడ చుట్టాలెవరూ లేరు. ఒంటరిగా తిరుగుతూ, చక్కెర తయారుచేసింది చాలు ఆపమని లివర్‌కి నచ్చజెబుతుంటుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాతే నాకు పిచ్చి ముదిరింది. మనుషుల్ని చూస్తే మనుషులు కనబడడం మానేశారు. బస్సులో ఎవరైనా దగ్గితే ‘ప్రిల్’, ఎవరైనా నెమ్మదిగా నడిస్తే ‘లాల్’. నా రూమ్మేట్ శ్రీకాంత్‌ది వరంగల్, కంప్యూటర్ సైన్స్ విద్యార్థి. వాడు పాపం జలుబు చేసి దగ్గుతుంటే, లిసినోప్రిల్ గానీ వాడుతున్నావా అని సీరియస్‌గా అడిగాను. వాడు దుప్పట్లోంచి తల బయటపెట్టి నన్ను కాసేపు చూశాడు.

“నాకు బీపీ లేదు రా సుధీర్. గిట్లనే నీతోని ఉంటే మాత్రం వస్తది.”

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. దేవదానం అంకుల్‌ది చీరాల. అప్పటికే చాలా ఏళ్ళుగా ప్లెయిన్స్‌బరోలో ఉంటూ ఏదో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు. నాకు చుట్టం కాదు, మా ఊరివాడు కాదు, నాతో ఆయనకు పనేమీ లేదు. ఇండియన్ షాపు బయట చేతుల్లో బియ్యం బస్తాతో బస్సు కోసం నిలబడ్డ నన్ను చూసి వ్యాన్ ఆపాడు, అంతే మా పరిచయం. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఆయన, భార్య సుగుణ ఆంటీ మా అపార్ట్‌మెంట్ ముందు హారన్ కొట్టి నన్ను ఎక్కించుకుని ఎడిసన్‌లో తెలుగు చర్చికి తీసుకెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు నా చేతిలో ఒక డబ్బా ఉండేది. అందులో పప్పో, గోంగూర మాంసమో ఉండేది. ఆ డబ్బా లేకపోతే ఆ మొదటి చలికాలం నేను బ్రెడ్డు ముక్కల మీదే బతికేవాణ్ణి. వాళ్ళకు నేను చేసిన ప్రత్యుపకారమే ఈ కథ.

మీకు మా చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే నేనెంత ఘోరం చేశానో అర్థం కాదు. నెలకోసారి ప్రభు సంస్కారం ఉంటుంది. మావాళ్ళు దాన్ని బల్ల అంటారు. ముందు రొట్టె ముక్కలు, తర్వాత చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల ట్రే వరస వెంబడి వస్తాయి. ఆ కప్పునే గిన్నె అని గౌరవంగా అంటారు. ఎవరి మీదైనా కోపం పెట్టుకున్నవాళ్ళు, ఏదైనా తప్పు దాచుకున్నవాళ్ళు ముందు దాన్ని సరిచేసుకుని రావాలని, అప్పటిదాకా తీసుకోకూడదని పాస్టరుగారు ప్రతిసారీ హెచ్చరిస్తారు. అంచేత ట్రే ఎవరి దగ్గర ఆగకుండా ముందుకు పోయిందో హాలు మొత్తం గమనిస్తుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నవాళ్ళు మరీ ఎక్కువగా గమనిస్తారు.

నాకు మాత్రం అక్కడ బల్ల లేదు. గుంటూరులో మా చర్చిలో పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చేస్తారు. ఇక్కడి పాస్టరుగారి లెక్కలో అది చెల్లదు, పెద్దయ్యాక నీళ్ళలో మునగాల్సిందే. కాబట్టి ప్రతిసారీ ట్రే రాగానే పక్కవాళ్ళకు అందించేయడం నాకు అలవాటు. నేనేదో పాపం చేశానని ఎవరూ అనుకోలేదు. అందువల్ల ట్రే అలా అందించేయడంలో పెద్ద విశేషమేమీ లేదని నేననుకున్నాను. ఇంకో సంగతి, మా గుంటూరు చర్చిలో గిన్నెలో ఉండేది నిజమైన వైన్. చిన్నప్పుడు మా నాన్న బల్ల దగ్గర గిన్నె తీసుకుని వచ్చి నా పక్కన కూర్చుంటే ఆ తియ్యటి వాసన వచ్చేది. ఎడిసన్‌లో ఆ ఎర్రటి కప్పుల్ని దూరం నుంచి చూడడమే గానీ వాసన చూసే అవకాశం నాకు రాలేదు.

ఆ ఆదివారం మామూలు ఆదివారం కాదు. దేవదానం అంకుల్‌ని సంఘ పెద్దగా నియమించే రోజు. బల్ల అయిపోగానే పాస్టరుగారు ఆయన తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. ఎన్నో ఏళ్ళు కుర్చీలు వేసి, తలుపులు తీసి, కొత్తగా వచ్చిన నాలాంటివాళ్ళను ఎక్కించుకుని తిరిగిన మనిషికి అది చాలా పెద్ద రోజు. కొత్త సూటు కుట్టించుకున్నాడు. ఆంటీ గంధం రంగు పట్టుచీర కట్టింది. వెనకాల డిక్కీలో కేకు ఉంది, దాని మీద క్రీముతో ఎల్డర్ దేవదానం అని రాయించారు.

వ్యాన్ ఎక్కేసరికి లోపల వాతావరణం కొంచెం వేడిగా ఉంది. ఆంటీ చెప్పిన టై కాకుండా ఆయన వేరే టై కట్టాడట. సంఘానికి పెద్ద అయ్యేముందు ఇంట్లో ఒక్క మాటైనా వింటే బాగుంటుందని ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. అంకుల్ మాట మార్చడానికి నా చదువు సంగతి అడిగాడు. పన్ను కింద చీము పడితే డెంటిస్టు మందు రాశాడని జేబులోంచి నారింజరంగు సీసా తీసి నాకిచ్చాడు. ఇదేంటో చెప్పు చూద్దాం అన్నాడు.

చూశాను. మెట్రోనిడజోల్. ఆ వారం క్విజ్‌లో వచ్చింది. నా ఆనందం చెప్పలేను. ఇది సూక్ష్మక్రిముల లోపలికి దూరి వాటి డీఎన్ఏని తుంచుతుందని, నోట్లో ఇనుప రుచి వస్తుందని, ఆల్కహాల్ చుక్క కూడా ముట్టకూడదని, ముడితే ముఖం ఎర్రబడి వాంతులై గుండె దడదడలాడుతుందని ఏకబిగిన చెప్పాను. మనకా భయం లేదులే అని అంకుల్ నవ్వాడు. ఇంతలేసి ఎట్టా గుర్తుంటాయయ్యా నీకు అని ఆంటీ ఆశ్చర్యపోయింది. ఎడిసన్ వచ్చేదాకా నేను కిటికీలో నా ముఖం నేనే చూసుకున్నాను.

ఆరాధన మొదలైంది. పాటలు, వాక్యం, హెచ్చరిక అయ్యాయి. రొట్టె వచ్చింది. అంకుల్ భక్తిగా తీసుకుని తిన్నాడు. తర్వాత అటువైపు నుంచి కప్పుల ట్రే బయలుదేరింది. ఎర్రగా, నిండుగా ఉన్న ఆ కప్పుల్ని చూడగానే నా బుర్రలో గంట మోగింది. వైన్. మెట్రోనిడజోల్. ముఖం ఎర్రబడుట, వాంతులు, గుండెదడ. సరిగ్గా తల మీద చేతులుంచే సమయానికి అంకుల్ కొత్త సూటు మీద వాంతి చేసుకుని కుప్పకూలిపోవడం నా కళ్ళకు కట్టింది. ఆయన చెయ్యి ట్రే వైపు వెళ్ళింది. నేను మోచెయ్యి పట్టుకున్నాను.

“అంకుల్, తీసుకోవద్దు. మీ టాబ్లెట్‌కి ఇది పడదు.”

“ఏంది బాబూ?”

“వాంతులవుతాయి. ప్లీజ్ అంకుల్. వదిలేయండి.”

ఆయన నా ముఖం చూశాడు, ట్రే చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ట్రే ఆయన్ని దాటింది, నన్ను దాటింది, ముందుకు పోయింది. ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తితో నేను వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను.

మీరు గమనించారో లేదో, అంకుల్ రొట్టె తిని గిన్నె వదిలేశాడు. రెండూ తీసుకునేవాళ్ళు ఉంటారు, రెండూ వదిలేసేవాళ్ళు ఉంటారు. సగంలో ఆగినవాణ్ణి ఆ సంఘం పుట్టాక ఎవరూ చూడలేదు. అంటే రొట్టెకీ గిన్నెకీ మధ్య ఆయనకు ఏదో భయంకరమైన సంగతి గుర్తొచ్చి ఉండాలి. హాల్లో ఆ ఆలోచన ఒక వరస నుంచి ఇంకో వరసకు పాకడం నాకు వినబడింది గానీ, వెనకాల ఎవరో పిల్లాణ్ణి బుజ్జగిస్తున్నారనుకున్నాను.

పాస్టరుగారు మైకు దగ్గరికి వచ్చారు. ముఖంలో రక్తం లేదు. ఈ రోజు జరగాల్సిన నియామక ప్రార్థనను కొంత సమయం తీసుకుని చేద్దామని, ప్రతివాడూ తన హృదయాన్ని తాను పరీక్షించుకోవాలని చెప్పి ఆరాధన ముగించేశారు. అంకుల్ తల వంచుకుని కూర్చున్నాడు. పాపం, పంటి నొప్పి అనుకున్నాను.

భోజనాల హాల్లో నేను బిర్యానీ పెట్టించుకుంటుంటే అసలు తంతు మొదలైంది. ముందుగా విజయ్ అన్న వచ్చాడు. ఆమధ్య చర్చి పార్కింగ్ లాట్‌లో తన కారుతో అంకుల్ వ్యాన్‌కి గీత పెట్టి చెప్పకుండా పోయినవాడు ఆయనే. ఆ సంగతి అప్పటిదాకా అంకుల్‌కి తెలియదు.

“నా వల్లే కదా అంకుల్ మీరు గిన్నె తీసుకోలేదు. నా మీద కోపంతో తీసుకోకూడదని ఆగారు. నాకు తెలుసు.”

“ఆ గీత నీదా?” అన్నాడు అంకుల్ మెల్లగా.

విజయ్ అన్న వెళ్ళగానే పాటల బృందం నడిపే లిల్లీ ఆంటీ వచ్చింది. బృందంలో పాడేటప్పుడు అంకుల్ శ్రుతి తప్పుతాడని ఆయన ముందున్న మైకును చాలా కాలంగా ఆపేసి ఉంచుతున్నది తనేనని ఒప్పుకుని కళ్ళు తుడుచుకుంది. అంకుల్ ఆమెను కూడా క్షమించాడు గానీ, ఈ దెబ్బ మాత్రం గీత కంటే లోతుగా తగిలిందని ముఖం చెప్పింది. అన్నేళ్ళూ ఆయన గొంతెత్తి పాడింది ఉత్త గాలికన్నమాట.

అందరికంటే చివర సుగుణ ఆంటీ వచ్చింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“పొద్దున నేనన్న మాటకేనా? టై కోసం అన్నానండీ. ఇంతమందిలో నన్ను ఇట్టా నిలబెడతారా?”

అప్పుడు ఆగింది నా చేతిలో స్పూను. ఆంటీ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ చేతి అన్నం తిని బతుకుతున్నవాణ్ణి నేను. అంకుల్ నావైపు చూశాడు గానీ నా పేరు చెప్పలేదు. ఆయనా ఆంటీ అలా నిలబడి ఉంటే పక్కనే ఎవరూ కోయని కేకు మీద ఎల్డర్ దేవదానం అన్న అక్షరాలు కరగడం మొదలుపెట్టాయి. అంత జరిగినా నాకు భయం వేయలేదు, చూడండి నా ధైర్యం. అసలు విషయం చెబితే అందరూ నన్ను మెచ్చుకుంటారని నా నమ్మకం. ప్లేటు పక్కన పెట్టి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, అంకుల్ తప్పేమీ లేదు, ఆపింది నేనే అని ప్రకటించాను.

అందరూ చుట్టూ చేరారు. నేను క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టాను. ఒంట్లోకి పోయిన ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైములుంటాయని, ఈ మందు వాటి దారికి అడ్డం పడుతుందని, సగం విరిగిన విషం రక్తంలో పేరుకుపోతుందని చేతులు తిప్పుతూ వివరించాను. పాస్టరుగారు చాలా ఓపిగ్గా విన్నారు.

“అంతా బానే ఉంది బాబూ. ఇందులో ఆల్కహాల్ ఎక్కడిది?”

“గిన్నెలో వైన్ కదండీ.”

పాస్టరుగారు మద్యం మాన్పించడానికే జీవితం ధారపోసిన మనిషి. పెళ్ళి విందులో ఎవరి గ్లాసులోనైనా బుడగలు కనిపిస్తే దగ్గరికెళ్ళి పలకరించే రకం. ఆయన గిన్నెలో నేను, సంఘం మొత్తం ముందు, వైన్ పోశాను. ఆయన కిచెన్‌లోకి వెళ్ళి ఒక పెద్ద ప్లాస్టిక్ సీసా తెచ్చి నా ముందు పెట్టారు. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ, పక్కన స్కూలు బ్యాగు తగిలించుకున్న పిల్లాడి బొమ్మ. ద్రాక్షరసం. మిగిలిపోయినదాన్ని ప్రతి నెలా సండే స్కూలు పిల్లలు బిస్కెట్లతో తాగుతారట.

“ఇది కొనేదెవరో, పోసేదెవరో తెలుసా నీకు?” అన్నారు పాస్టరుగారు.

నాకు తెలియదు. ఆయన చెయ్యి చాపి చూపించారు. దేవదానం అంకుల్.

ఆ క్షణంలో నేల చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండేది గానీ, అది అద్దెకు తీసుకున్న అమెరికన్ చర్చి, గట్టి నేల. ఆ పొద్దున తన చేతులతో ద్రాక్షరసం కప్పుల్లో పోసిన మనిషి, అది ద్రాక్షరసమేనని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, నేను వద్దన్నానని వదిలేశాడు. మరి ఆయన ఎందుకు ఆగినట్టు? పాస్టరుగారే అడిగారు.

అంకుల్ కాసేపు టై సర్దుకున్నాడు.

“ఆల్కహాల్ పడదని పొద్దున వ్యాన్‌లో చెప్పాడండీ. ఇప్పుడేమో ఇదీ పడదన్నాడు. ద్రాక్షకి కూడా ఏదో ఉందేమో, క్లాస్‌లో చెప్పారేమో అనుకున్నా. నేను మింగే మందు పేరు గుర్తుపెట్టుకుని, నాకేమన్నా అవుద్దేమోనని ఆ బిడ్డ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అంత భయపడుతుంటే ఎట్టా తాగను?”

ఆంటీ అప్పటికి కొంగు తీసేసింది. ఏడుపు పోయి నవ్వు వచ్చే ముందు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. నా దగ్గరికి వచ్చి నెత్తి మీద ఒక్కటి మొట్టింది. ఆ మొట్టికాయ కోసం నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి. అది లేకపోతే అక్కడే ఏడ్చేసేవాణ్ణి.

పాస్టరుగారు అందరినీ మళ్ళీ ఆరాధన హాల్లోకి రమ్మన్నారు. చేతులు కడుక్కోని వాళ్ళు కడుక్కుని వచ్చారు. ముందుగా నన్ను మైకు దగ్గర నిలబెట్టి జరిగిందంతా చెప్పమన్నారు. చెప్పాను. ఆ మైకు మాత్రం ఎవరూ ఆపలేదు. తర్వాత ఆయన సీసా మూత తీసి ఒక కప్పు నింపి అంకుల్ చేతికిచ్చారు. అంకుల్ కప్పు పెదాల దాకా తీసుకెళ్ళి ఆగాడు. ఆయన మెల్లగా నావైపు తిరిగాడు.

“తాగొచ్చా బాబూ?”

నేను తలూపాను. సంఘం నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. పాస్టరుగారు కూడా గోడవైపు తిరిగి నవ్వారు. ఆ తర్వాత అంకుల్ మోకరించాడు, ఆయన తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు, అక్షరాలు సగం కరిగిన కేకును అందరం తిన్నాం. వ్యాన్ గీత విజయ్ అన్న బాగుచేయించాడు. అంకుల్ ముందున్న మైకును లిల్లీ ఆంటీ మళ్ళీ ఆన్ చేసింది. ఆ విషయంలో మాత్రం సంఘం నన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు.

ఆ అల్లరికి నాకు దక్కిన శిక్ష ఏమిటో వినండి. మరుసటి ఆదివారం నుంచి అంకుల్‌లూ ఆంటీలూ తమ మందుల సీసాలు సంచుల్లో తెచ్చి నా ముందు పోయడం మొదలుపెట్టారు. ఇది దేనికి బాబూ, ఇది లోపలికి పోయి ఏం చేస్తది బాబూ అని అడిగేవాళ్ళు. నాకు తెలిసింది చెప్పేవాణ్ణి, తెలియనిది మీ ఫార్మసిస్టుని అడగండి అని వాళ్ళనే పంపేవాణ్ణి. తర్వాతి వారం జవాబు తెచ్చి వాళ్ళే నాకు చెప్పేవాళ్ళు. ‘ప్రిల్’ అంటే నాకిప్పుడు వంశం కాదు, పాస్టరుగారి దగ్గు. మెట్‌ఫార్మిన్ అంటే లిల్లీ ఆంటీ, భోజనం మధ్యలో గుర్తొచ్చి పర్సు వెతుక్కోవడం. ఆ సంవత్సరం పరీక్షలో నేను రాసిన ప్రతి జవాబు వెనకా ఒక ముఖం ఉంది. వాళ్ళు నా మూర్ఖత్వానికి నవ్వి ఊరుకోకపోతే, నా చదువు ఆ బోర్డు మీది షడ్భుజాల దగ్గరే ఆగిపోయేది. అంకుల్ అంత సులువుగా నమ్మాడు చూడండి, దాన్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నన్నెరగనివాడు నా మాట వినడు కాబట్టి వచ్చే నష్టం కొంతే. నన్ను ప్రేమించేవాడు మారుమాట లేకుండా వింటాడే, అక్కడ నోరు దగ్గర పెట్టుకోవాలి.

కాబట్టి పాఠకుల సాక్షిగా, ఆ ద్రాక్షగుత్తి బొమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి మోచెయ్యీ పట్టుకునే ముందు అందులో ఏముందని అడుగుతాను. వాళ్ళు చెప్పింది నమ్ముతాను. నమ్మలేకపోతే వాసన చూస్తాను. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ మనిషినీ రొట్టెకీ గిన్నెకీ మధ్య ఆపను. ఈ ప్రమాణం చేస్తున్న ఈ నిమిషంలో నా చేతిలో ఉన్నది ద్రాక్షరసమే, వాసన చూసే చెబుతున్నాను.